మన మురుగు ఎక్కడికి పోతోంది?
(కాటన్ దొర కాలువల నాటి నుంచి నేటి దాకా)



పొదుపులు, అప్పులు, రికవరీ లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. నన్ను మురుగునీటి గురించి రాయమన్నారు. ఎందుకో మీకు తెలుసు. సముద్రం దగ్గరున్న మన గోదావరి డెల్టా ఊళ్ళలో ఇంటింటికీ కుళాయి వస్తోంది. నీళ్ళు పెరిగినకొద్దీ మురుగూ పెరుగుతోంది. దాన్ని ఏం చెయ్యాలన్నది గ్రామసభలో తీర్మానం చెయ్యాలి. అంతకు ముందు మన సంఘాల మాట ఏంటో చెప్పమని పంచాయతీ వాళ్ళు అడిగారు. ఇంకుడు గుంటలు తవ్వుదామని కొందరు, పైపు వేసి డ్రైనులో కలిపేద్దామని కొందరు, మిషను పెట్టిద్దామని కొందరు, చెరువులు తవ్వుదామని కొందరు అంటున్నారు. ఏదో ఒకదానికి చెయ్యెత్తే ముందు ఈ పద్ధతులు ఎక్కడ పుట్టాయి, ఎక్కడ పనిచేశాయి, మన నేలకు ఏది సరిపడుతుంది అన్నది తెలుసుకుంటే మంచిది. మన గుమ్మం ముందు పారే నీటికి కూడా చరిత్ర ఉంది.

పంట కాలువ, మురుగు కాలువ

1833 ప్రాంతంలో వచ్చిన డొక్కల కరువు గురించి పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. గోదావరి నిండా నీళ్ళున్నా అవి పొలానికి ఎక్కే దారి లేక జనం తిండి లేక చనిపోయారు. ఆ తరవాత ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించారు. 1852కి పూర్తయింది. అక్కడి నుంచే మన ఊళ్ళ రూపం మారిపోయింది.

ఈ కాలువల పద్ధతిలో ఒక కిటుకుంది. పంట కాలువను ఎత్తు మీద తవ్వారు, నీళ్ళు రెండు పక్కలా పొలాల్లోకి దిగడానికి. పొలంలో మిగిలిన నీళ్ళు దిగిపోవడానికి పల్లంలో మురుగు కాలువలు ఉంటాయి. మనం డ్రైను అనేది వాటినే. ఆ డ్రైన్లన్నీ ఉప్పుటేర్లలోనో, సముద్రంలోనో కలుస్తాయి. పై ఊరి డ్రైను కింది ఊరి పక్కనుంచే పోవాలి. సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలు అన్నిటికంటే కింద ఉన్నాయి కాబట్టి అందరి నీళ్ళూ వాళ్ళ గుమ్మం దాటే పోతాయి.

ఇంకో సంగతి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు డ్రైను నీళ్ళు లోపలికి పోవు, వెనక్కి తంతాయి. అమావాస్యకి, పౌర్ణమికి ఇంకా ఎక్కువ. మొగ దగ్గర ఇసుక మేట వేస్తే రోజుల తరబడి అక్కడే నిలిచిపోతాయి. కాబట్టి డ్రైనులో పడేస్తే సముద్రంలోకి కొట్టుకుపోతుంది అనుకోవడం సగమే నిజం.

మొదటి నుంచీ పంట కాలువకు దొరికిన శ్రద్ధ డ్రైనుకు దొరకలేదు. నీళ్ళు వస్తే పంట, కాబట్టి తెచ్చే కాలువ అందరికీ కావాలి. తీసుకుపోయే కాలువ పూడిపోతే పల్లంలో ఉన్నవాడికే నష్టం. పొలాలు మునిగి మునిగి గొడవలయ్యాక, 1968లో కృష్ణా గోదావరి డెల్టాకు డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చారు. రైతుల దగ్గర సెస్సు వసూలు చేసి డ్రైన్లు బాగుచెయ్యడం దాని ఉద్దేశం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పొలం మురుగుకు డబ్బు కట్టడం మన డెల్టాలో కొత్త కాదు. ఇంటి మురుగు గురించే ఎవరూ అడగలేదు.

అప్పట్లో ఇంటి మురుగు తక్కువ. చెరువు నుంచి బిందెతో మోసుకొచ్చిన నీళ్ళు ఎవరు పారబోస్తారు? ఆ మోత ఆడవాళ్ళదే కాబట్టి పొదుపూ ఆడవాళ్ళే నేర్చుకున్నారు. అంట్లు బూడిదతో, తల కుంకుడుకాయతో. స్నానం నీళ్ళు పెరట్లో అరటి చెట్టుకీ, చేమ దుంపలకీ పోయేవి. తాగే నీళ్ళు మాత్రం కాలువ నుంచి నింపుకున్న ఊరి చెరువువి. సముద్రం దగ్గర నుయ్యి తవ్వితే ఉప్పు నీళ్ళే కదా. ఈ రోజుకీ చాలా ఊళ్ళలో వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకుని, దాన్నే వడగట్టి కుళాయిలకు ఇస్తున్నారు. మన ప్రాంతంలో మురుగు, మంచినీళ్ళు ఒకదాని పక్కన ఒకటి బతుకుతున్నాయి.

పట్టణాలు నేర్చుకున్న పాఠం

మురుగును శుద్ధి చెయ్యాలి అన్న ఆలోచన కలరా నుంచి పుట్టింది. 1854లో లండన్ లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు ఏ ఇంట్లో ఎవరు చనిపోయారో గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళి, వాళ్ళలో ఎక్కువమంది ఒకే వీధి పంపు నీళ్ళు తాగారని చూపించారు. కలరా చెడ్డ గాలి వల్ల వస్తుందని అప్పటి నమ్మకం. నీళ్ళ వల్ల వస్తుందని ఆయన చెప్తే వెంటనే ఎవరూ నమ్మలేదు.

1858 ఎండాకాలంలో థేమ్స్ నది ఎంత కంపు కొట్టిందంటే ఒడ్డునే ఉన్న పార్లమెంటులో కూర్చోలేకపోయారు. అప్పుడు డబ్బు మంజూరైంది. బాజల్ గెట్ అనే ఇంజనీరు ఊరి కింద పెద్ద పెద్ద సొరంగాలు కట్టించి మురుగంతా తీసుకుపోయి ఊరి దిగువన, సముద్రం పాటు మీద ఉన్న సమయం చూసి నదిలోకి వదిలే ఏర్పాటు చేశారు. ఊళ్ళో కలరా తగ్గింది. అది గొప్ప మేలే. కానీ మురుగు శుద్ధి అవ్వలేదు, దిగువకు మారింది అంతే. తరవాత వదిలే చోట కూడా శుద్ధి మొదలుపెట్టక తప్పలేదు.

1914లో ఇంగ్లండులోనే మాంచెస్టర్ లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగులోకి గాలి ఊది, అందులోని మంచి సూక్ష్మజీవులను పెంచి, వాటి చేతే మురికిని తినిపించే పద్ధతి కనిపెట్టారు. ఈ రోజు పెద్ద పట్టణాల్లో మిషన్లతో నడిచే ప్లాంట్లలో చాలావరకు ఆ పద్ధతివే, లేదా దాన్నుంచి పుట్టినవే. స్థలం తక్కువ పడుతుంది, నీళ్ళు శుభ్రంగా వస్తాయి. కానీ గాలి ఊదే మోటారు రాత్రీ పగలూ తిరగాలి. ఎక్కువసేపు ఆగిపోతే ఆ జీవులు చచ్చిపోతాయి, నీళ్ళు వచ్చినట్టే బయటకు పోతాయి.

మన దేశంలోనే ఇంకో దారి ఉంది. కలకత్తా ఊరి మురుగు కాలువల మీద తూర్పు వైపు చిత్తడి నేలల్లోకి వెళ్తుంది. అక్కడి మత్స్యకారులు దాన్ని లోతు తక్కువ చెరువుల్లోకి కొంచెం కొంచెంగా వదిలి ఎండలో నిలవబెడతారు. ఎండకి నాచు పెరుగుతుంది, నాచు నీటికి ప్రాణవాయువు ఇస్తుంది, సూక్ష్మజీవులు మురికిని తింటాయి, నాచును చేపలు తింటాయి. గాలి ఊదే మోటార్లు లేవు. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు ఈ పద్ధతి విలువను లోకానికి చెప్పారు. 2002లో ఆ 12,500 హెక్టార్ల నేలకు రామ్ సర్ చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. అదే ఏడాది మన కొల్లేరుకూ ఆ గుర్తింపు వచ్చింది. కానీ కొల్లేరులోకి ఊళ్ళ మురుగు, చేపల చెరువుల నీళ్ళు, ఫ్యాక్టరీల నీళ్ళు ఒక పద్ధతి లేకుండా చేరాయి. చిత్తడి నేల మురుగును శుద్ధి చేస్తుంది, నిజమే. మోయగలిగినంతే మోస్తుంది.

మరుగుదొడ్డి వచ్చింది, లోపలిది ఎక్కడికి పోతోంది?

ఇంతకు ముందు పట్టణాల్లో పాకీ దొడ్లు ఉండేవి. కొన్ని కులాల వాళ్ళ చేత, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ళ చేత, చీపురూ రేకుముక్కా ఇచ్చి ఆ మలం ఎత్తించి తట్టల్లో మోయించారు. 1993లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. అయినా సెప్టిక్ ట్యాంకుల్లో, మ్యాన్ హోళ్ళలో దిగి మనుషులు చనిపోతూనే ఉన్నారు. ఈ పని మానిపించడానికి పోరాడిన బెజవాడ విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అలా చనిపోయిన వాళ్ళ కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ పద్ధతి ఎంచుకున్నా అందులోకి మనిషి దిగే అవసరం రాకూడదు. ఈ ఒక్క షరతు మీద మనం బేరం ఆడకూడదు.

పల్లెల్లో మరుగుదొడ్ల పథకం 1986లో మొదలైంది. 1999లో సంపూర్ణ పారిశుధ్యం అన్నారు, 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ వచ్చింది. చెంబు పట్టుకుని చీకటి పడేదాకా ఆగే బాధ తప్పింది. ఆ బాధ మగవాళ్ళకు చెప్తే అర్థమయ్యేది కాదు. మన సంఘాలు ఇంటింటికీ తిరిగి కట్టించాయి, అది మన గౌరవం.

పథకంలో చెప్పింది రెండు గుంటల పద్ధతి. 1970లో బీహారులో బిందేశ్వర్ పాఠక్ గారు మొదలుపెట్టిన సులభ్ సంస్థ ఈ పద్ధతిని దేశమంతా తెలిసేలా చేసింది. ఒక గుంట నిండాక రెండోదానికి మారుస్తారు. మొదటిది కొంతకాలం మూసి ఉంచితే ఎరువుగా మారుతుంది. మంచి పద్ధతే. అయితే గుంటలోని నీళ్ళు భూమిలోకి ఇంకాలి, కింద నీటిమట్టం లోతుగా ఉండాలి. మన దగ్గర వానాకాలంలో రెండు మూడు అడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. సిమెంటు వరలు దింపుతుంటేనే లోపల నీళ్ళు ఊరతాయి. ఆ గుంట మలాన్ని ఇంకించదు, నేరుగా భూమి నీళ్ళలో కలుపుతుంది.

అందుకని చాలామంది సెప్టిక్ ట్యాంకు కట్టుకున్నారు. ఆ పేరు 1890ల్లో ఇంగ్లండులో పుట్టింది. ట్యాంకు చేసేది ఏంటంటే, గట్టిదాన్ని అడుగున నిలబెడుతుంది, కొంత కుళ్ళబెడుతుంది. పైన తేరిన నీళ్ళు తేటగా కనబడినా వాటిలో రోగాల క్రిములు అలాగే ఉంటాయి. ఆ నీళ్ళ పైపు ఎక్కడ పెట్టారు? ఎక్కువ ఇళ్ళల్లో వీధి కాలువలోకే. వీధి కాలువ డ్రైనులోకి, డ్రైను దిగువ ఊరికి. రెండు మూడేళ్ళకోసారి ట్యాంకు తోడించాలి. తోడిన బండి రాత్రి పూట ఏ డ్రైనులో, ఏ పొలంలో వదిలిపోతోందో ఎవరూ అడగడం లేదు.

నాలుగు దారులు

ఇప్పుడు లెక్కకు వద్దాం. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్ళు ఇవ్వాలి. ఇచ్చిన నీళ్ళలో 65 నుంచి 70 శాతం వంటింటి, స్నానాల గది మురుగుగా బయటకు వస్తుందని అంచనా. 500 ఇళ్ళు, 2,000 మంది ఉన్న ఊరు అనుకుంటే రోజుకు 1,10,000 లీటర్లు వస్తాయి, 70 వేల లీటర్లకు పైగా మురుగు పోతుంది. ఏ దారి అయినా రోజూ ఇంత నీటిని మోయాలి.

మొదటిది ఇంకుడు గుంట. చవక, ఎవరి ఇంటిది వాళ్ళదే, కరెంటు అక్కర్లేదు. మెట్ట ఊళ్ళలో, ఇసుక దిబ్బల మీద ఎత్తుగా ఉన్న ఇళ్ళకు ఇదే మంచిది. పల్లంలో నల్లరేగడి, పైనే నీళ్ళు ఉన్నచోట వానాకాలం నాలుగు నెలలూ అది దోమల గుంట అవుతుంది. స్థలం ఉన్నవాళ్ళు మాత్రం పాత పద్ధతిలో స్నానం నీళ్ళు అరటికీ, కూరపాదులకీ మళ్ళించుకోవచ్చు. సబ్బు నురగ, నూనె జిడ్డు ఆపడానికి చిన్న కుండీ కట్టుకుంటే చాలు. ప్రతి ఇల్లూ ఎంత తగ్గిస్తే ఊరి మురుగు అంత తగ్గుతుంది.

రెండోది పైపు వేసి డ్రైనులో కలపడం. అన్నిటికంటే త్వరగా అయ్యే పని. మన వీధి శుభ్రం అవుతుంది. లండన్ వాళ్ళు మొదట చేసింది ఇదే. వాళ్ళ దిగువన సముద్రం ఉంది, మన దిగువన మన అక్కచెల్లెళ్ళు ఉన్నారు. మొన్న సమావేశంలో దిగువ పల్లెపాలెం గ్రూపు చెల్లెలు లేచి, "అక్కా, మీ వీధి బాగుపడితే మా చెరువు పాడవుద్ది. మేం కూడా మీ సమాఖ్యలోనే ఉన్నాం" అంది. గదిలో ఎవరం మాట్లాడలేదు. ఆమె అన్నదానికి జవాబు చెప్పలేని తీర్మానం మనం రాయకూడదు.

మూడోది మిషను. కంపెనీల వాళ్ళు బొమ్మలు చూపించి, నీళ్ళు అద్దంలా వస్తాయంటారు. వస్తాయి కూడా, సరిగ్గా నడిపితే. పెట్టుబడికి పథకాల్లో డబ్బు దొరకొచ్చు. నెలనెలా కరెంటు బిల్లు, నడిపే మనిషి జీతం, చెడితే రిపేరు ఎవరిస్తారు? 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కరెంటు స్తంభాలు పడిపోయి ఊళ్ళకు ఊళ్ళు చీకట్లో ఉండిపోయాయి. 1977 దివిసీమ ఉప్పెన సంగతి చెప్పక్కర్లేదు. తుఫాను తరవాతే విరోచనాలు, కామెర్లు ఎక్కువగా వస్తాయి. సరిగ్గా అప్పుడే ఆగిపోయే యంత్రం మీద ఊరంతా ఆధారపడడం మంచిదా అని అడగాలి. స్థలం లేని పట్టణానికి మిషను తప్పదు. పల్లెకు తప్పనిసరి కాదు.

నాలుగోది చెరువుల వరస. ముందు జల్లెడ, మడ్డి దిగే తొట్టి, తరవాత ఒకదాని పక్కన ఒకటి రెండు మూడు లోతు తక్కువ చెరువులు, చివర కిక్కిస, జమ్ము పెంచిన మడి. కలకత్తా పద్ధతికి ఇది చిన్న చెల్లెలు. రోజుకు 70 వేల లీటర్లు, పదిహేను రోజులు నిలవాలి, నాలుగు అడుగుల లోతు అనుకుంటే నీళ్ళకే సుమారు 22 సెంట్లు కావాలి. గట్లు, దారి, జమ్ము మడి కలుపుకుంటే 40 సెంట్ల దాకా పడుతుంది. పల్లం ఊళ్ళలో చెరువు అడుగు భూమి నీళ్ళకు తగలకుండా తవ్వడం తగ్గించి, చుట్టూ గట్లు ఎత్తుగా పొయ్యాలి, అడుగున బంకమట్టి దిమ్మిస కొట్టాలి. గుర్రపుడెక్క తియ్యకపోతే ఏడాదిలో మూసుకుపోతుంది. ఈ నీళ్ళు తాగడానికి కాదు, కొబ్బరికి, పశుగ్రాసానికి. మిగిలినవే డ్రైనులోకి.

చెరువు అంటే మన వాళ్ళకు రొయ్యల చెరువు గుర్తొస్తుంది. 1990ల్లో తీరమంతా రొయ్యల చెరువులు తవ్వారు. నీళ్ళు శుద్ధి లేకుండా డ్రైన్లలోకి వదిలారు, పక్క చెరువు వాడు ఆ నీళ్ళే తోడుకున్నాడు, తెగులు ఒకదాని నుంచి ఒకదానికి పాకింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలో అలాంటి చెరువులు వద్దని తీర్పు ఇచ్చింది. తరవాత 2005లో చట్టం వచ్చింది. డ్రైను అందరిదీ కాబట్టి దాన్ని ఎవరూ కాపాడకపోతే ఏమవుతుందో ఆ కథ చెప్తుంది. స్థలం ఎంచుకునేటప్పుడు మనం తీరప్రాంత నిబంధనలు కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

మలం సంగతి వేరు

ఈ నాలుగు దారులూ వంటింటి, స్నానాల నీళ్ళకే. సెప్టిక్ ట్యాంకు మడ్డిని ఆ చెరువుల్లో కలపకూడదు. దానికి వేరే శుద్ధి కేంద్రం ఉండాలి. కర్ణాటకలో దేవనహళ్ళిలో 2015లో అలాంటిది పెట్టారు, తరవాత వరంగల్ లో, మన నర్సాపురంలో కూడా పెట్టారు. ఒక్క ఊరికి అది భారం. మండలానికో, దగ్గర పట్టణంతో కలిసో పెట్టుకోవాలి. ఒడిశాలో కొన్ని పట్టణాల్లో ఈ కేంద్రాలను మిషన్ శక్తి మహిళా సంఘాలే నడుపుతున్నాయి, కటక్ లో ట్రాన్స్ జెండర్ల సంఘం నడుపుతోంది. యంత్రం బండి తోడుతుంది, చేతితో ముట్టే పని లేదు, జీతం వస్తుంది. మన సమాఖ్యకూ ఇది జీవనోపాధి కావచ్చు. కానీ పాత కులపు పనిని కొత్త పేరుతో మళ్ళీ అదే కులం వాళ్ళ మీద పెట్టకూడదు. ఆ జాగ్రత్త ముందే రాసుకోవాలి.

మన మాట ఏంటి?

ఇంత చరిత్రలో నాకు కనబడింది ఒకటే. ఏ పద్ధతీ కట్టిన రోజున చెడలేదు. కింద ఉన్నవాళ్ళను అడక్కపోతే చెడింది, తరవాత చూసే మనిషి, ఖర్చు పెట్టే చెయ్యి లేకపోతే చెడింది. అందుకని మన గ్రామ సంఘాల ముందు ఈ మాటలు పెడుతున్నాను, చర్చించండి.

ఎత్తు ఇళ్ళకు ఇంకుడు గుంట, పెరటి తోట. పల్లం వీధులకు చెరువుల వరస, అదీ డ్రైనులో కలిసే ముందే. సెప్టిక్ ట్యాంకు పైపులు వీధి కాలువలో ఉన్న ఇళ్ళ లెక్క మన గ్రూపులే తియ్యాలి, పేర్లు బయటపెట్టడానికి కాదు, ఎంతమందికి సాయం కావాలో తెలియడానికి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కేటాయించాలని నియమం ఉండేది. పంచాయతీ ఆ లెక్క గ్రామసభలో చదివి వినిపించాలని అడగాలి. నిర్వహణకు ఇంటికి నెలకు కొంత అని మనమే నిర్ణయించుకోవాలి. పొదుపు నెలనెలా కట్టగలిగిన మనకు అది చేతకానిది కాదు. కట్టలేని ఒంటరి ఆడవాళ్ళ, ముసలివాళ్ళ వంతు మిగతావాళ్ళం మోద్దాం.

చివరగా, తీర్మానం మీద మా ఊరి సంతకాలు మాత్రమే ఉంటే చాలదు. డ్రైను దిగువనున్న పల్లెపాలెం గ్రామ సంఘం సంతకం కూడా ఉండాలి. వాళ్ళు పెట్టలేదంటే మన పథకంలో ఇంకా ఏదో సరిచెయ్యాల్సింది ఉందని అర్థం. అప్పుడు మళ్ళీ కూర్చుందాం.